గురువారం నాడు స్టార్టయిన కారు

పురాతన బ్రిటిష్ కార్ల గృహ సంరక్షణ సంఘం అధ్యక్షులవారి కారు ఆమధ్య ఒక గురువారం ఉదయం తొమ్మిదింబావుకి మొదటి ప్రయత్నంలోనే స్టార్టయిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం. స్టార్టయి ఊరుకోలేదు. గేటు దాటి, ఎడమవైపు తిరిగి, నలభై మూడు కిలోమీటర్లు వెళ్ళి, సాయంత్రం మళ్ళీ అంత దూరమూ తిరిగి వచ్చి, తన షెడ్డులో తాను నిలబడింది. దారిలో ఎక్కడా ఆగలేదు, పొగ కక్కలేదు, ఎవరిచేతా తోయించుకోలేదు. సంఘ చరిత్రలో ఇటువంటిది ఇదే మొదటిసారి కాబట్టి వెంటనే విచారణ జరిపాం. ఆ నివేదికే ఇది.

సంఘం గురించి తెలియనివారికి రెండు ముక్కలు. మేం సభ్యులం నలుగురం. కారు ఒక్కటే, అది అధ్యక్షులవారిది. తక్కిన ముగ్గురికీ కార్లు లేవు, అందుకే మా దృష్టి అటూ ఇటూ చెదరదు. అధ్యక్షులవారు తూనికలు కొలతల శాఖలో పెద్ద హోదాలో పనిచేసి పదవీ విరమణ చేశారు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆయన ముందు అంగుళాన్ని అంగుళం అనడానికి జంకనివాడు లేడు. రెండోవారు పళ్ళ డాక్టరుగారు. మూడోవారు సంగీతం మాస్టారు. నాలుగోవాణ్ణి నేను, కార్యదర్శిని. ముప్ఫై రెండేళ్ళు కచేరీలో నివేదికలు రాసిన చెయ్యి నాది. ఆదివారాలు ఆ చెయ్యే టార్చిలైటు పట్టుకుంటుంది.

కారు మాటకొస్తే, దాన్ని చూస్తే ఎవరికైనా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ముదురాకుపచ్చ రంగు, బారెడు బానెట్, చెక్క డాష్‌బోర్డు, దాని మీద గుండ్రటి గాజు మూతల్లో సూదులు. ఎనిమిదేళ్ళ క్రితం అధ్యక్షులవారు కొన్నప్పుడు అది నడుచుకుంటూనే ఇంటికొచ్చింది. అయితే నడవాల్సిన పద్ధతిలో నడవడం లేదని ఆయన గేటు దగ్గరే కనిపెట్టారు. అప్పట్నుంచీ బాగుచేస్తూనే ఉన్నాం.

బాగుచెయ్యడమంటే తమాషా కాదు. ఆ కారు నట్లకి మన బజారులో దొరికే రెంచీలు పట్టవు. ఒకటి వదులు, దాని పక్కది బిగువు. రెండింటికీ మధ్య కొలత ఒకటుందని, దాన్ని ఆ దేశపువాళ్ళే ఒకప్పుడు వాడి వాళ్ళే మానేశారని అధ్యక్షులవారు పుస్తకం తెప్పించి చదివి వినిపించారు. పుస్తకం వచ్చిన ఏడాదికి రెంచీలు వచ్చాయి. ఈలోగా మేం చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఏ నట్టు ఎందుకు ఊడడం లేదో వివరంగా రాసి పెట్టుకున్నాం.

నియమావళి కూడా తయారుచేసుకున్నాం. అందులో మూడో నిబంధన ముఖ్యం: ఆదివారం నాడు, నలుగురు సభ్యులూ ఎదుట ఉండగా తప్ప కారు తాళం తిప్పరాదు. సాక్షులు లేకుండా స్టార్టయిన ఇంజను స్టార్టయినట్టు లెక్కకాదని అధ్యక్షులవారి అభిప్రాయం. తూకం వేసేటప్పుడు కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ చూడాలి కదా, ఇదీ అంతే. కాబట్టి సోమవారం నుంచి శనివారం దాకా ఆ కారుని ఎవరూ వేలితో కూడా తాకరు.

ఆదివారం కార్యక్రమం గడియారం పెట్టుకు చూసుకోవచ్చు. తొమ్మిదింటికి అందరికన్నా ముందు డాక్టరుగారు వస్తారు. ఎవరూ లేనప్పుడు కారుని ఒకసారి ప్రశాంతంగా చూసుకుంటే మంచిదని ఆయన పద్ధతి. తొమ్మిదిన్నరకి మాస్టారు, పదింటికి నేను. పదకొండింటికి అధ్యక్షులవారు తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, చిన్న ప్రసంగం చేసి, తాళం తిప్పి, మీట నొక్కుతారు. ఇంజను గిరగిరా తిరుగుతుంది, ఒకసారి దగ్గుతుంది, ఊరుకుంటుంది. అక్కడితో లాంఛనం పూర్తయి అసలు పని మొదలవుతుంది.

రెండు కార్బురేటర్లూ ఊడదీసి వదినగారి, అంటే అధ్యక్షులవారి సతీమణిగారి, భోజనాల బల్ల మీద పరుస్తాం. డాక్టరుగారు నోట్లో పెట్టే చిన్న అద్దం, వంకర సూదులు తెచ్చి పెట్రోలు కన్నాలన్నీ గీకి శుభ్రం చేస్తారు. ఒకటి రెండు చోట్ల పుచ్చు కనిపించిందని, నిర్లక్ష్యం చేస్తే వేరుదాకా పోతుందని ఆయన హెచ్చరించారు. వదినగారి కుట్టుమిషను నూనె కార్బురేటర్ గొట్టాల్లోకి, పాలగిన్నె వాటిని కడగడానికి పోయాయి. సాయంత్రం అయిదింటికల్లా బల్ల ఖాళీ చెయ్యాలని ఆవిడ కచ్చితంగా చెప్పేవారు కాబట్టి అన్నీ ఏ స్క్రూకి ఆ స్క్రూ బిగించి పెట్టేసేవాళ్ళం. మాస్టారు రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని రెండు కార్బురేటర్లనీ ఒక్క శ్రుతికి తెచ్చి, అందరూ వెళ్ళాక షెడ్డు తలుపు తాను వేసి వెళ్ళేవారు. ఇంజను తిరగకుండా శ్రుతి ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. నోటితో ఊదుతారట.

మా పరిశీలనలో ఆ కారు గురించి గొప్ప సత్యాలు కొన్ని బయటపడ్డాయి. ఉదాహరణకి, ఆదివారం ఉదయం హెడ్‌లైట్లు వేస్తే, కరెంటు సూది ఖర్చు వైపు కాకుండా జమ వైపు తిరిగేది. అంటే దీపాలు వెలిగేకొద్దీ బ్యాటరీ నిండుతోందన్నమాట. మన కార్లలో ఉందా ఈ చోద్యం? ఆ దేశపు ఇంజినీర్ల తెలివికి మేం నలుగురం జోహార్లు అర్పించాం. అధ్యక్షులవారు ఆ విషయం మీద పదహారు పేజీల వ్యాసం రాశారు. వెనక డిక్కీ దగ్గరుండే పెట్రోలు పంపు విషయమూ అంతే. ఆరేళ్ళ క్రితం సముద్రాలు దాటి తెప్పించిన కొత్త పంపు అది. తాళం తిప్పగానే టకటకమని పెట్రోలు తోడాలని కాగితంలో రాసి ఉంది, మాది మాత్రం కిక్కురుమనేది కాదు. ఇది మరీ నాజూకు రకమని, అందుకే చప్పుడు చెయ్యదని అందరం సంతోషించాం.

ఇక్కడ వదినగారి సంగతి కొంచెం చెప్పాలి. చెప్పడానికి నాకు మనస్కరించడం లేదు గానీ నివేదిక అన్నాక తప్పదు.

వదినగారికి ఒక్కతే అక్క. నలభై మూడు కిలోమీటర్ల అవతల కొడుకు దగ్గర ఉంటుంది. ఆరేళ్ళ క్రితం ఆవిడకి కళ్ళల్లో నీటికాసులని డాక్టర్లు తేల్చారు. చూపు కొంచెం కొంచెంగా పోతుంది, మందులు వేసినా పోవడం ఆలస్యమవుతుందే తప్ప ఆగదు. అప్పుడు ఆవిడ ఫోను చేసి, "చూపుండగానే ఒక్కసారి వచ్చి కనపడవే. నీ మొహం సరిగ్గా చూసి పెట్టుకుంటాను" అంది. వదినగారు ఆ పూటే సంచి సర్దుకున్నారు. బస్సు మా వీధి మలుపులోనే ఆగుతుంది, అరగంటకొకటి.

అధ్యక్షులవారు అడ్డుపడ్డారు. అడ్డంటే అడ్డు కాదు, ప్రేమ. "బస్సులోనా? ఇంట్లో ఇంత కారు పెట్టుకుని పెళ్ళాన్ని బస్సెక్కించాడని నలుగురూ నవ్వరూ? వచ్చే ఆదివారానికి అయిపోతుందోయ్. మీ అక్కయ్య వాకిట్లో రాణీలా దింపుతాను" అన్నారు. మేం కూడా ఊరుకోలేదు. వదినగారు బస్సెక్కితే సంఘం మీద అవిశ్వాసం ప్రకటించినట్టవుతుందని సున్నితంగా తెలియజేశాం. ఆవిడ నొప్పించే మనిషి కాదు. సంచి బీరువా మీద పెట్టారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పదకొండింటికి ఆవిడ మంచి చీర కట్టుకుని, సంచి పుచ్చుకుని, వరండా మెట్టు మీద నిలబడేవారు. ఇంజను దగ్గేది, ఊరుకునేది. ఆవిడ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని మాకు కాఫీ పెట్టేవారు. నేను లెక్క రాసి పెట్టాను: మూడు వందల పదకొండు ఆదివారాలు. ఒక్కసారి కూడా కాఫీ చల్లగా రాలేదు. ఆ ఓర్పుకి మెచ్చి, సంఘం అయిదో వార్షికోత్సవంలో ఆవిడకి శాలువా కప్పాం.

ఇప్పుడు గురువారానికి వద్దాం. ఆ రోజు అధ్యక్షులవారు ఊళ్ళో లేరు. పాత గడియారాల సంఘంవారు పిలిస్తే, 'నిలిచిన వాహనంలో లోపాన్వేషణ' అనే అంశం మీద ఉపన్యసించడానికి వెళ్ళారు. ముందురోజు వదినగారికి అక్క కోడలు ఫోను చేసింది. "అత్తయ్య మిమ్మల్నే కలవరిస్తున్నారు చిన్నత్తయ్యగారూ. రెండ్రోజుల్నించి అన్నం కూడా సరిగ్గా తినడం లేదు" అంది. వదినగారు తెల్లవారి సంచి తీసుకుని, ఎవరితోనూ చెప్పకుండా, బస్టాపుకి నడిచారు. సంఘం పట్ల ఇది ఎంత ద్రోహమో పాఠకులకి వేరే చెప్పనక్కరలేదు. కానీ ధర్మం ఎక్కడికి పోతుంది? ఆ రోజే బస్సులు బందు.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆదివారం విచారణలో ఆవిడ నోటనే విన్నాం. షెడ్డు ముందు బల్ల వేసి, వెనక మేం ముగ్గురం, నడుమ అధ్యక్షులవారు కూర్చున్నాం. వదినగారికి కుర్చీ చూపించాను. "ఎందుకులెండి సెక్రటరీగారూ, పొయ్యి మీద పాలున్నాయి. అడిగేదేదో అడగండి" అన్నారు.

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "ఎనిమిదేళ్ళు నలుగురు నిపుణులు అహోరాత్రాలు శ్రమించినా లొంగని యంత్రం, ఒక గృహిణి చేతిలో ఒక్క క్షణంలో లొంగిందంటే, దాని వెనకాల ఏదో అక్రమ మరమ్మతు జరిగి ఉండాలి. ఏ భాగం మార్చావు?"

"ఏమీ మార్చలేదండీ."

"ఏ భాగం విప్పావు?"

"తలుపు తీశాను. అంతే."

"ఏ మెకానిక్కుని పిలిచావు? దాచకు."

"ఎవర్నీ పిలవలేదు మహాప్రభో! బస్సుల్లేవని తిరిగొచ్చాను. ఇంట్లోకి వెళ్ళబుద్ధి కాలేదు. అందులో కాసేపు కూర్చున్నాను, ఏడుపొచ్చి. తాళంచెవి దానికే ఉంది. ఊరికే తిప్పాను. వెనకనించి టకటకమని చప్పుడొచ్చింది. అది ఆగాక మీట నొక్కితే అందుకుంది."

డ్రైవింగు ఎలా వచ్చని అడిగాను. ఆరోగ్య శాఖలో ఇరవై రెండేళ్ళు టీకాల వ్యాను తానే నడిపానని చెప్పారు. ఈ సంగతి మా రికార్డుల్లో లేదు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ చేతి కాఫీ తాగుతున్నాం కానీ ఉద్యోగం సంగతి అడగాలని ఎవరికీ తోచలేదు.

ఈలోగా మాస్టారు కుర్చీలోంచి లేచారు. "టకటకా? పంపు చప్పుడు చేసిందా? ఆదివారం ఎప్పుడూ చెయ్యదే!" అన్నారు. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడుస్తూనే ఉన్నారు. తేలు కుట్టిన దొంగ అలాగే తుడుస్తాడని కచేరీ అనుభవం మీద నాకు తెలుసు. గట్టిగా అడిగితే నీళ్ళు నమిలి నమిలి చివరికి కక్కారు. సగం ఆయన, మిగతా సగం మాస్టారు.

విషయం ఇది. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో బ్యాటరీ ప్లస్ తీగని కారు ఒంటికి తగిలిస్తారు. ఇప్పటి కార్లన్నిటిలోనూ మైనస్ తీగ తగిలిస్తారు. డాక్టరుగారు మొదటి ఆదివారమే వెనక సీటు ఎత్తి, దాని కింద ఉన్న బ్యాటరీ చూసి, ప్లస్ తీగ ఒంటికి ఉండడం గమనించి, పాపం, అధ్యక్షులవారు పొరపాటున తిరగేశారనుకున్నారు. పెద్దాయనకి మొహం మీద చెబితే నొచ్చుకుంటారని, ఎవరూ రాకముందే తీగలు మార్చేశారు. అదే రోజు సాయంత్రం మాస్టారు చూసి, పుస్తకం ప్రకారం తప్పు కదా అనుకుని, ఆయన కూడా పెద్దాయన నొచ్చుకుంటారనే, అందరూ వెళ్ళాక మళ్ళీ మార్చేశారు. వచ్చే ఆదివారం డాక్టరుగారు సీటెత్తితే తీగలు మళ్ళీ తిరగబడి ఉన్నాయి. అధ్యక్షులవారి పట్టుదల ఎంతటిదో కదా అని మనసులో మెచ్చుకుని, మళ్ళీ సరిచేశారు. సాయంత్రం మాస్టారు కూడా అంతే మెచ్చుకున్నారు. ఒక్క ఆదివారం తప్పకుండా, ఒకరికొకరు తెలియకుండా, ఇద్దరూ ఇంత మర్యాద పాటించారు. సముద్రాలు దాటి వచ్చిన ఆ పంపేమో, తీగలు తిరగబడితే కాలిపోకుండా నోరు మూసుకునే రకమట. అందుకే ఆదివారాలు పెట్రోలు అందక ఇంజను దగ్గి ఊరుకునేది, కరెంటు సూదీ తిరగబడేది.

"బ్యాటరీ బానెట్ కింద కదా ఉండేది?" అన్నారు అధ్యక్షులవారు. ఆయన నొచ్చుకుంటారని ఎవరూ బదులు చెప్పలేదు.

వదినగారు మా మొహాలు వరసగా చూశారు. ఆవిడకి లెక్క మా అందరికన్నా ముందు తేలినట్టుంది.

"అంటే, పొద్దున్న డాక్టరుగారు మార్చేవారు. సాయంత్రం మాస్టారు సరిచేసేవారు. అయితే సోమవారంనించి శనివారందాకా ఇది బాగానే ఉండేదా?"

డాక్టరుగారు తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడిచారు.

"ఆరేళ్ళూనా?" అన్నారావిడ.

నేను నివేదికలోకి తలదూర్చాను. మాస్టారు నేల చూపులు చూశారు. అప్పుడు నాకు, ఎందుకో, సంఘానికి సంబంధం లేని ఒక ప్రశ్న నోట్లోంచి జారింది. "మీ అక్కయ్యగారు ఎలా ఉన్నారు వదినగారూ?"

"బాగానే ఉంది. కారు చప్పుడు విని వాకిట్లోకొచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది. నేను మెట్లెక్కి ఎదురుగా నిలబడితే, 'ఎవరూ?' అంది. చూపు పూర్తిగా పోయి నాలుగు నెలలయిందట. చెబితే బెంగపడి బస్సెక్కి వచ్చేస్తుంది, మరిదిగారి మనసు కష్టపడుతుంది, చెప్పొద్దు అందట కోడలితో." వదినగారు పైటచెంగుతో ముక్కు తుడుచుకున్నారు. "రెండు చేతులతో నా మొహమంతా తడిమింది. 'లావయ్యావే' అంది. తర్వాత, 'పోనీలే, ఇన్నాళ్ళకి బాగయిందన్నమాట కారు' అని సంతోషించింది. పాలు పొంగుతున్నట్టున్నాయి, వస్తాను" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆవిడ వెళ్ళాక నేను నివేదికలో 'లావయ్యావే' అని రాసి కొట్టేశాను. అది నివేదికకి సంబంధించిన విషయం కాదు. చివరికి అధ్యక్షులవారే లేచి ప్రసంగించారు. "మిత్రులారా! ఈ విచారణ వల్ల మన సంఘం ప్రతిష్ఠ ఇనుమడించింది. మన కారులో ఏ లోపమూ లేదని తేలింది. మన సభ్యుల్లోనూ ఏ లోపమూ లేదని తేలింది. తీగలు మార్చిన ఇద్దరూ మర్యాదస్థులే. ఎవరి తప్పూ లేకుండా ఇంత జరిగిందంటే, అది కేవలం ఆదివారం తప్పు" అన్నారు. చప్పట్లు కొట్టాం.

పిమ్మట ఈ క్రింది నిర్ణయాలు ఏకగ్రీవంగా ఆమోదించాం. డాక్టరుగారికీ మాస్టారుకీ అవిశ్రాంత సేవకిగాను అభినందన పత్రాలు. తీగలు ఏ వైపు ఉండాలో తేల్చడానికి ఇద్దరితోనూ ఉపసంఘం. నియమావళి మూడో నిబంధన ఉల్లంఘించినందుకు వదినగారికి మందలింపు. ఎనభై ఆరు కిలోమీటర్లు ఒక్కరోజునే నడిచినందువల్ల కారుకి కలిగిన శ్రమని అంచనా వెయ్యడానికి ఇంజను పూర్తిగా దింపి చూడడం.

ఈ నాలుగోది మాత్రం అమలు కాలేదు. రెంచీలు తీస్తుండగా వదినగారు కాఫీలు తెచ్చి, పళ్ళెం బల్ల మీద పెట్టి, తాళంచెవి తీసి నడుముకి దోపుకున్నారు. "ఆదివారం మీది. కడుక్కోండి, తుడుచుకోండి, ఊదుకోండి. సీటు మాత్రం ఎత్తొద్దు. మిగతా ఆరు రోజులూ నాది" అన్నారు. నియమావళి అనబోయారు అధ్యక్షులవారు. "ఇంకేమన్నా అన్నారంటే ఆదివారం కూడా నాదే" అన్నారు. ఆయన కాఫీ తాగారు. ప్రతి గురువారం తొమ్మిదింబావుకి ఇప్పుడా కారు గేటు దాటి ఎడమవైపు తిరుగుతోంది. ఇంత అన్యాయం జరుగుతున్నా వీధిలో ఒక్కరూ ఇదేమిటని అడగకపోవడం విచారకరం.

కారు నడిచిందన్న వార్త పొక్కడంతో సంఘంలో చేరతామంటూ జనం వరసకట్టారు. మోటారు సైకిళ్ళు, రేడియోలు, నీటి పంపులు, ఒకాయనైతే సగం కట్టిన ఇల్లు, ఇలా ప్రతివారి దగ్గరా ఏళ్ళ తరబడి బాగవుతున్నది ఏదో ఒకటి ఉంది. దరఖాస్తు ఫారం అచ్చు వేయిస్తుంటే, ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని మాస్టారు, అందులో ఒక ప్రశ్న చేర్చాలని పట్టుబట్టారు. చేర్చకపోతే సంఘంలోంచి తప్పుకుంటానన్నారు. సరే, ఆయన తృప్తి కోసం అడుగున చేర్చాం: 'మీరు దీన్ని బాగుచేస్తుండగా, ఇది బాగవడం కోసం మీ ఇంట్లో ఎదురుచూస్తున్నవారు ఎవరైనా ఉన్నారా?'

నిన్నటికి నూట ఆరు దరఖాస్తులు వచ్చాయి. అందరూ సంసారులే. ఆ ప్రశ్నకి నూట ఆరుగురూ 'ఎవరూ లేరు' అనే రాశారు. పాత సభ్యులు కూడా కొత్త ఫారం నింపాలి గనక, వాటిలో మొదటిది నాది.